అటక మీది వారపత్రికలు: బాగుచేత డైరీ

నవంబరు 3

ఇంగ్లండులోని బార్న్‌స్లీలో ఉన్న మా పాత ఇంటి అటక మీద నుంచి ఈ రోజు మూడు అట్టపెట్టెలు దించాను. మూడో పెట్టె అడుగు నానిపోయి మెట్ల మధ్యలోనే విడిపోయింది. పైకప్పు పలక ఒకటి పక్కకు జరిగి ఎన్ని చలికాలాలు గడిచాయో! నాన్నగారు పోయి పది నెలలయింది. వసంతంలో ఇల్లు అమ్మకానికి పెట్టాలని అక్కా నేనూ నిర్ణయించుకున్నాం కనుక అటక ఖాళీ చేయక తప్పలేదు.

పెట్టెల్లో ఏమున్నదీ నాకు తెలుసు. అయినా పై అట్ట తెరవగానే వచ్చిన వాసనకు మెట్టు మీదే కూర్చుండిపోయాను. చౌక కాగితం ముదిరేకొద్దీ అందులోని చెక్క పదార్థం విరిగి వెనిల్లా లాంటి తీపి వాసన వదులుతుంది. దానికి బూజు వాసన తోడయింది.

లెక్క పెట్టాను. మా చిన్ననాటి బొమ్మల కథల వారపత్రికలు, మొత్తం 386 సంచికలు. నావి ‘బ్యాటిల్’ 271. అక్కవి ‘బంటీ’ 74. మిగిలిన 41 ‘2000 ఏడీ’. ఈ చివరివి మేము కొన్నవి కావు. అదే వీధిలో ఉండే స్నేహితుడితో మార్చుకున్నవి.

చందమామ నెలకొకసారి వచ్చేది. బ్రిటన్ పిల్లలకు బొమ్మల కథలు వారం వారం వచ్చేవి. ఒక్కో సంచికలో అయిదారు సీరియళ్ళు, ఒక్కొక్కటి రెండు నుంచి నాలుగు పేజీలు, ఊపిరి బిగబట్టే చోట ఆగిపోయేవి. 1937లో స్కాట్లండులోని డండీ నగరం నుంచి ‘డాండీ’, మరుసటి ఏడాది ‘బీనో’ మొదలయ్యాయి. 1950లో ‘ఈగిల్’ వచ్చింది. అందులో అంతరిక్ష వీరుడు డాన్ డేర్ శుక్రగ్రహానికి వెళ్ళాడు. మా తరానికి 1975లో ‘బ్యాటిల్’, 1977లో ‘2000 ఏడీ’. ‘ఈగిల్’ లాంటి కొన్నింటిని మంచి కాగితం మీద ఫోటోగ్రవ్యూర్ పద్ధతిలో అచ్చు వేశారు గాని, మిగతావన్నీ వారం తిరిగితే చెత్తబుట్టలో పడతాయన్న లెక్కతో న్యూస్‌ప్రింట్ మీద వేసినవే. నా ముందున్నవి అలాంటివి. పారేయడానికే పుట్టిన కాగితాన్ని ఎలాగైనా నిలబెట్టాలి.

ప్రణాళిక ఇది: ‘బ్యాటిల్’ సంచికల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం మీది ‘చార్లీస్ వార్’ సీరియల్ ఒక్కటే స్కాన్ చేసి, వరసగా అచ్చు తీసి, చేత్తో కుట్టి నాలుగు సంపుటాలుగా కట్టడం. అదీ నా ఒక్కడి బీరువా కోసమే. అసలు పేజీలు కత్తిరించను. ఇల్లు అమ్మేలోపు పూర్తి కావాలి.

నవంబరు 9

తడిసిన సంచికలు 63. ఒక్కొక్కదాన్నీ పేజీల మధ్య అద్దుడు కాగితం పెట్టి, వంటగది బల్ల మీద పరిచి, రోజుకు రెండుసార్లు కాగితం మార్చాను. ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వలేదు. ఒక పక్క ముందు ఆరితే కాగితం మెలిక తిరుగుతుంది. నాలుగు రోజులు పట్టింది.

ఆరబెడుతుంటే మడతల్లో నుంచి వెండి రంగు పురుగులు జారాయి. గంజి, జిగురు, కాగితం తిని బతికేవి ఇవి. మొత్తం 386 సంచికలనూ పాలిథిన్ సంచుల్లో గాలి చొరకుండా మూసి, సున్నాకు 18 డిగ్రీలు తక్కువలో ఉండే ఫ్రీజర్‌లో విడతలుగా పెడుతున్నాను. విడతకు రెండు వారాలు. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చే వరకు అలాగే ఉంచాలి, లేకపోతే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది.

మొదటి విడత లోపలుండగా ఖాళీగా ఉండలేక, పొడిగా ఉన్న కట్టలో నుంచి 1979 జనవరి 6 తేదీ వేసిన సంచిక తీశాను. ‘బ్యాటిల్’ 200వ సంచిక. ‘చార్లీస్ వార్’ మొదలైంది ఇందులోనే.

మేము 1978లో వచ్చాం. నాకు ఎనిమిదేళ్ళు, అక్కకు పదమూడు. గుంటూరులో వైద్యం చదివిన నాన్నగారికి ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడితే పక్కవాడికి అర్థమయ్యేది కాదు. వాడు మాట్లాడే ఈ ప్రాంతపు యార్క్‌షర్ ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది కాదు. ఆ చలికాలంలో నాన్నగారు పత్రికల దుకాణంలో నాకొక వారపత్రిక, అక్కకొక వారపత్రిక చెప్పి పెట్టారు. నా దానికి ‘బ్యాటిల్’ అని చెప్పింది ఆ దుకాణదారే. మగపిల్లవాడనగానే అది చేతిలో పెట్టాడు.

చార్లీ బోర్న్ లండన్ కుర్రవాడు. 16 ఏళ్ళవాడు 18 అని చెప్పి 1916లో సైన్యంలో చేరతాడు. రాసింది పాట్ మిల్స్, గీసింది జో కోల్హూన్. వీళ్ళ పేర్లు నేను పెద్దయ్యాక తెలుసుకున్నవి. ఆ రోజుల్లో ఈ వారపత్రికల్లో చాలావరకు రచయితల పేర్లు, చిత్రకారుల పేర్లు వేసేవారు కాదు. చార్లీ అమ్మకు ఉత్తరాలు రాస్తాడు. చదువు అంతంతమాత్రం కనుక ఆ ఉత్తరాల నిండా అక్షరదోషాలే. కందకంలో ఏం జరుగుతోందో మనం బొమ్మలో చూస్తూ ఉంటాం. కింద అతను ఇంటికి రాసింది చదువుతాం. అమ్మ బెంగ పెట్టుకుంటుందని అతను రాయకుండా దాచుకున్నది ఆ రెంటి మధ్యా కనబడుతుంది. తెనాలిలో మా నాయనమ్మకు నేను నీలం ఎయిరోగ్రామ్‌ల మీద రాసిన ఉత్తరాలూ అలాంటివే. ఇక్కడ అంతా బాగుంది, మంచు తెల్లగా ఉంది, స్నేహితులు చాలామంది. బడిలో మధ్యాహ్నం ఎవరి పక్కనా కూర్చోకుండా తిన్నానని ఎన్నడూ రాయలేదు.

ప్రతి వారం ఆ మూడు నాలుగు పేజీలు నాన్నగారికి బిగ్గరగా చదివి వినిపించాలి. నా ఉచ్చారణ బాగుపడటానికి ఆయన పెట్టిన నియమం అది. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, కాఫీ తాగుతూ, కళ్ళు మూసుకుని వినేవారు. మొదటి నెలలో ఒకసారి, “ఈ అబ్బాయికి చదువు రాదేమిటిరా, ఇన్ని తప్పులు!” అన్నారు. తరువాత ఎప్పుడూ అనలేదు. చివరి గడిలో కథ ఆగగానే కళ్ళు తెరిచి “సశేషం!” అనేవారు. కాలేజీ రోజుల్లో ఆంధ్రప్రభ వారపత్రిక సీరియళ్ళ కోసం ఎదురుచూసిన మనిషి. వారం ఆగడం అంటే ఏమిటో ఆయనకు నేను చెప్పనక్కర లేకపోయింది.

నవంబరు 24

పొడి శుభ్రం మొదలుపెట్టాను. మేక వెంట్రుకల మెత్తని కుంచెతో మడత దగ్గర నుంచి అంచు వైపు దుమ్ము తోయడం, ఆ తరువాత మసి తీసే రబ్బరు స్పంజితో అద్దడం. రుద్దకూడదు. న్యూస్‌ప్రింట్ మీద సిరా ఇప్పటికీ చేతికి అంటుతుంది. అంచులూ మూలలూ బాగా నల్లబడినవాటికి తురిమిన ఎరేజరు పొడి వేసి వేలితో మెల్లగా తిప్పాను. ముఖచిత్రాల పై మూలలు బాగా తేలాయి.

పిన్నులు చాలా వాటికి తుప్పు పట్టాయి. తుప్పు చుట్టూ కాగితం గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడిగా రాలుతుంది. పిన్ను కాళ్ళను పలుచని లోహపు పుల్లతో వెనక నుంచి నిటారుగా లేపి, ముందు వైపు నుంచి చిమటాతో బయటికి తీయాలి. లాగితే మడత చిరుగుతుంది. ఈ వారం 90 సంచికల పిన్నులు తీశాను, నాలుగింటి మడత చిరిగింది.

చిరుగులు అతికించడానికి జిగురు నేనే కాచాను. మన ఇళ్ళలో పుస్తకాల అట్టలకు మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేవారు. నాకూ మొదట అదే గుర్తొచ్చింది. ఇక్కడ ఆ రెండూ పనికిరావు. మైదాలో ఉండే జిగట పదార్థం కాలం గడిచేకొద్దీ పచ్చబడి పెళుసెక్కుతుంది; మైలుతుత్తంలోని రాగి కాగితపు నారను ఇంకా వేగంగా తినేస్తుంది. కాబట్టి ఆ జిగట తీసేసిన గోధుమ పిండిపదార్థం ఒక వంతు, నీళ్ళు అయిదు వంతులు. సన్నని సెగ మీద అరగంట ఆపకుండా కలిపితే పాలలా ఉన్నది అద్దంలా మారుతుంది. చల్లారాక జల్లెడలో రెండుసార్లు వడకట్టి, మజ్జిగంత పలుచన చేసుకోవాలి. దీనితో కోజో అనే చెట్టు నారతో చేసిన జపాన్ కాగితాన్ని వెనక వైపు అతికిస్తే చిరుగు కలిసిపోతుంది. ఎప్పుడైనా తీసేయాలనుకుంటే కాస్త తేమ తగిలిస్తే చాలు, ఊడి వస్తుంది. ఊడి రావాలి కూడా. నా తరువాత ఇవి ఎవరి చేతికి వెళతాయో, వాళ్ళకు నాకంటే మంచి పద్ధతి తెలిసి ఉండవచ్చు.

పదేళ్ళ వయసులో నేనే అతికించిన పారదర్శక టేపు ముక్కలు 22 సంచికల మీద ఉన్నాయి. పైపొర దానంతటదే రాలిపోయింది, జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి టీ రంగు పట్టీలా మిగిలింది. దాన్ని ద్రావకాలతో కదపకుండా వదిలేశాను.

డిసెంబరు 8

స్కానింగ్. గీతల బొమ్మలు కనుక 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు. పేజీ వెనక నల్లటి కాగితం పెట్టడం తప్పనిసరి. తెల్లది పెడితే వెనక పేజీ బొమ్మలు ఇవతలికి కనబడతాయి. ఈ ఒక్క చిట్కా తెలియక మొదటి 40 పేజీలు మళ్ళీ చేశాను. కాగితం పసుపును కంప్యూటర్‌లో తెల్లగా మార్చడం లేదు. ఫైలు పేరు సంచిక తేదీతో మొదలవుతుంది, తరువాత పేజీ సంఖ్య. అంతే.

తెర మీద పెద్దది చేసి చూస్తుంటే కోల్హూన్ గీత మొదటిసారి చూసినట్టుంది. బురద ఒక్కటే పది రకాలుగా గీశాడు: కొత్త బురద, ఎండిన బురద, బూటు పడ్డ బురద, మనిషి పడ్డ బురద. కలం గీతలు ఎంత దగ్గరగా ఉంటాయంటే చౌక కాగితం మీద సిరా వ్యాపించి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఈ కాగితం ఎంత చేటు చేస్తుందో తెలిసి కూడా ఆయన వారం వారం అంత పనీ చేశాడు. 1954లో ‘టైగర్’ పత్రికలో ఫుట్‌బాల్ వీరుడు ‘రాయ్ ఆఫ్ ది రోవర్స్’ను మొదట గీసిందీ ఈయనే. నల్లేరు మీద బండిలా సాగే ఆ గెలుపుల కథకూ ఈ కందకాలకూ ఒకే చెయ్యి. ఆయన 1987లో పోయారు.

జింజర్ చనిపోయే భాగం ఈ వారం వచ్చింది. ఫిరంగి గుండు తగిలిన స్నేహితుడి శరీరంలో మిగిలినదాన్ని చార్లీ ఒక గోనెసంచిలో పోగు చేసుకుని మోసుకెళతాడు. పిల్లల వారపత్రికలో, కూపన్ల పక్కన, ఇది వచ్చింది. ఆ రోజు నేను గట్టిగా చదవలేకపోయాను. నాన్నగారే పత్రిక తీసుకుని, తనే మెల్లగా చివరిదాకా చదివారు. “సశేషం” అనలేదు.

ఫ్రాన్స్‌లో జరిగిన సొమ్ యుద్ధం మొదటి రోజు, 1916 జులై 1న, బ్రిటిష్ సైనికులు 19,240 మంది చనిపోయారు. ఆ రోజు సెర్ అనే ఊరి ముందు నడిచివెళ్ళినవాళ్ళలో మా బార్న్‌స్లీ బొగ్గుగని కుర్రవాళ్ళతో నిండిన రెండు పటాలాలు ఉన్నాయి. బార్న్‌స్లీ పాల్స్ అంటారు వాళ్ళని. నాతో పత్రికలు మార్చుకున్న స్నేహితుడి ఇంట్లో, గోడ గడియారం పక్కన, యూనిఫాం వేసుకున్న ఒక కుర్రవాడి ఫోటో ఉండేది. వాళ్ళ తాతగారి అన్న. చార్లీ కథ నాకు కథ, మా స్నేహితుడికి ఇంట్లో మనిషి.

ఒక పక్కమాట. ఆఫీసులో తమిళ మిత్రుడొకరు నా స్కాన్లు చూసి ఉత్సాహపడి, చిన్నప్పుడు ‘ఇరుంబుక్కై మాయావి’ చదివేవాణ్ణని చెప్పాడు. ఉక్కు చెయ్యి ఉన్నవాడు, కరెంటు షాకు తగిలితే ఆ చెయ్యి తప్ప ఒళ్ళంతా మాయమయ్యేవాడు. అది 1962లో మొదలైన ‘వాలియంట్’ వారపత్రికలోని ‘స్టీల్ క్లా’. శివకాశి నుంచి ముత్తు కామిక్స్ వాళ్ళు దాన్ని తమిళంలో తెచ్చారు. అది ఇంగ్లండు వారపత్రికలో పుట్టిందని అతనికి ఇవాళే తెలిసింది. స్పెయిన్ చిత్రకారుడు హెసూస్ బ్లాస్కో గీసిన ఆ చెయ్యి లండన్ నుంచి శివకాశి దాకా వెళ్ళిందన్నమాట.

డిసెంబరు 22

అక్క మాంచెస్టర్ నుంచి వచ్చింది. తన ‘బంటీ’ కట్ట చూపించాను. మొదట నవ్వింది, తరువాత కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

‘బంటీ’ చివరి అట్ట మీద కత్తిరించుకునే కాగితపు బొమ్మ, దానికి తొడిగే గౌన్లు ఉండేవి. భుజాల దగ్గర మడిచే చిన్న రెక్కలతో సహా. అక్క ఏదీ వదలకుండా కత్తిరించింది. 74లో 61 సంచికల చివరి అట్టకు గౌను ఆకారంలో, టోపీ ఆకారంలో కిటికీలున్నాయి. అట్ట లోపలి వైపు పేజీకీ అవే కిటికీలు. నేను వాటి వెనక జపాన్ కాగితం వేసి పూడుద్దామని కొలతలు కూడా తీసుకున్నాను.

“పూడ్చకురా,” అంది. “అవి చిరుగులు కావు. మొదట్లో నాకిక్కడ నచ్చిన పని అదొక్కటే.”

ఆమెకు ఇష్టమైన సీరియల్ ‘ఫోర్ మేరీస్’. సెయింట్ ఎల్మోస్ అనే వసతి పాఠశాలలో మేరీ పేరున్న నలుగురు అమ్మాయిలు. వాళ్ళలో సింపీ స్కాలర్‌షిప్ మీద వచ్చిన పేదింటి పిల్ల. మిగతావాళ్ళు వెక్కిరిస్తే చదువుతోనే జవాబు చెప్పేది. 1958లో పత్రిక పుట్టిన నాటి నుంచి 2001లో మూతపడే దాకా ఆ నలుగురూ ఉన్నారు. అక్క చాలాసేపు ఏదీ మాట్లాడకుండా ఆ పేజీలే తిప్పింది.

తరువాత నా పని చూపించాను. శుభ్రం చేసిన ‘బ్యాటిల్’ సంచికలు దొంతరగా పెట్టి ఉన్నాయి. పై దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసింది.

“ఒరేయ్, ఈ మూల ఒక్కటే ఇంత తెల్లగా ఉందేమిటి?”

“ఏవో మసక గీతలుంటే తుడిచానక్కా. ఎవరి చేతి మురికో.”

“మురికి కాదురా. మన ఇంటి నంబరు. పేపరు వేసే అబ్బాయి కోసం దుకాణంలో పెన్సిలుతో రాసి పెట్టేవాళ్ళు. 27. ప్రతి దాని మీదా ఉండేది.”

శుభ్రం చేయని కట్టలో నుంచి ఒకటి తీశాను. పై మూలలో, దుమ్ము కింద, వాలుగా, తొందరగా గీసినట్టు, 27. ఇంకొకటి తీశాను. 27. నలభై ఏళ్ళ మసకలో నేను మరకగా చూసినది అంకె. అప్పటికే 58 సంచికల మూలలు తుడిచేశాను.

ఆ రాత్రి “అసలు ఈ కథ పుస్తకాలుగా వచ్చింది కదా, నువ్వెందుకు మళ్ళీ అచ్చు తీయడం?” అని అడిగింది. నిజమే. హక్కులు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని రెబెలియన్ సంస్థవి. ‘చార్లీస్ వార్’ సంపుటాలు దొరుకుతున్నాయి, మంచి కాగితం మీద, మరకలు లేకుండా. నేను కట్టబోయే పుస్తకం వాటికంటే గొప్పగా ఉండదు. ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు.

డిసెంబరు 29

58 మూలల కోసం వారం రోజులు. పెన్సిలు పోయినా నొక్కు పోదు. గది చీకటి చేసి, చిన్న టార్చిని కాగితానికి దాదాపు ఆనించి పక్క నుంచి వెలుతురు వేస్తే, అంకె గాడి నీడలా కనబడుతుంది. దుకాణదారు గట్టిగా నొక్కి రాసే మనిషి, అదృష్టం. 44 సంచికల మీద 27 చదవగలిగాను. వాటన్నిటినీ అదే వెలుతురులో ఫోటో తీసి భద్రపరిచాను. పోయిన అంకె మీద మళ్ళీ పెన్సిలు పెట్టలేదు. మిగిలిన 14 కనబడలేదు.

జనవరి 6

ఇప్పుడు ప్రతి సంచిక మూలా చూసి రాసుకుంటున్నాను. ‘2000 ఏడీ’ల వంతు వచ్చింది. వాటి మీద ఉన్నది 27 కాదు. 31.

మా స్నేహితుడి ఇల్లు. వాడిది ‘2000 ఏడీ’, నాది ‘బ్యాటిల్’. చదివాక మార్చుకునేవాళ్ళం. వాడు అందులోని ‘జడ్జ్ డ్రెడ్’ కథ కోసం ప్రాణం పెట్టేవాడు. మాకిద్దరికీ ఉమ్మడి ఆట ఒకటుండేది: కార్లోస్ ఎస్కెర్రా గీసిన పేజీ ఏదో పేరు లేకుండానే కనిపెట్టడం. మనిషి చుట్టూ లావుగా, తెగిపోతూ సాగే ఆ గీత ఎక్కడున్నా పట్టేసేవాళ్ళం. ‘బ్యాటిల్’లో ‘ర్యాట్ ప్యాక్’ గీసింది ఆ చెయ్యి, ‘2000 ఏడీ’లో ‘స్ట్రాంటియమ్ డాగ్’ గీసిందీ అదే.

31 అంకె ఉన్న సంచికలను తేదీ వరసలో పేర్చాను. 1983 వసంతం నుంచి మొదలై, చివరిది 1984 మార్చి 24.

తరువాతిది లేదు. పెట్టెలన్నీ మళ్ళీ వెతికాను. తడిసి పోయిందేమోనని చిరుగు ముక్కల సంచి కూడా చూశాను. అక్కడితో ఆగిపోయాయి.

కాసేపటికి తేదీ అర్థమైంది. దగ్గర్లోని కోర్టన్‌వుడ్ బొగ్గుగని మూసేస్తారని ఆ మార్చి మొదట్లో చెప్పారు. ఆ నెలలోనే యార్క్‌షర్ గనులన్నీ ఆగిపోయాయి. సమ్మె ఏడాది పాటు సాగింది. గని కార్మికుల సంఘం నుంచి వారపు భత్యం కూడా లేని సమ్మె అది. 31వ నంబరు ఇంట్లో తండ్రి గనిలో పనిచేసేవాడు. ముందుగా ఆపేసిన ఖర్చుల్లో కొడుకు వారపత్రిక ఒకటన్నమాట. వాడు ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. ‘2000 ఏడీ’ ఈ మధ్య బాగాలేదు, మానేశాను అన్నాడు. నాకు పద్నాలుగేళ్ళు. నమ్మాను.

అప్పటి నుంచి మా ఇంటికే వచ్చి ‘బ్యాటిల్’ చదివేవాడు. అమ్మ ఇద్దరికీ ఉప్మా పెట్టేది. వాడు రెండోసారి అడిగి వేయించుకునేవాడు; ఉప్మా వాడికి అంత నచ్చిందని అమ్మ ఊరంతా చెప్పుకుంది.

జనవరి 12

పుస్తకాలు కట్టడం మానేశాను. నాలుగు సంపుటాల కోసం కొన్న కాగితం, దారం, అట్టలు పక్కన పెట్టాను. ఇక నుంచి ఒక సీరియల్ కాదు, ప్రతి సంచికా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ఖాళీ మూలలతో సహా స్కాన్ చేస్తున్నాను. పని ఎనిమిది తొమ్మిది రెట్లు పెరిగింది. ఇల్లు అమ్మేలోపు పూర్తికాదు, మా ఇంటికి తెచ్చుకుని చేస్తాను.

అక్కకు ఫోనులో చెప్పాను. సంపుటంలో చార్లీ ఒకదాని వెంట ఒకటిగా వరసగా వస్తాడు, రెండు రాత్రుల్లో యుద్ధం అయిపోతుంది. మాకు ఆరేళ్ళు పట్టింది. మధ్యలో పాఠకుల ఉత్తరాలు, నింపి పంపాల్సిన కూపన్లు, అతికించే విమానాల ప్రకటనలు, రెండో ప్రపంచ యుద్ధం తూర్పు రంగంలో ‘జానీ రెడ్’ నడిపే విమానం. 1983 అక్టోబరులో పత్రిక పేరు ‘బ్యాటిల్ యాక్షన్ ఫోర్స్’ అయి, ‘యాక్షన్ ఫోర్స్’ అనే ఆట బొమ్మ సైనికుల కథలు చాలా పేజీలు ఆక్రమించాయి. అప్పుడు నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పుడు చూసినా వస్తోంది. ఆ రంగురంగుల బొమ్మ సైనికుల పక్కనే చార్లీ బురదలో నడుస్తుంటే ఎలా ఉండేదో ఏ సంపుటమూ చూపించలేదు.

“చెయ్యి,” అంది అక్క. “నా గౌన్లు కూడా స్కాన్ చెయ్యి. వెనక నల్ల కాగితం పెట్టు, కిటికీలు బాగా కనబడతాయి.”

జనవరి 26

స్కానింగ్ కంటే ముందుగా, మూలలు చూస్తూ తేదీల వరసలో వెళుతుంటే 1985 జనవరి సంచికల దగ్గరికి వచ్చాను. యుద్ధం ముగిసి, రష్యాలో మరో పోరు చూసి, చార్లీ ఇంటికొచ్చాడు. పాట్ మిల్స్ రాసిన చివరి భాగంలో అది 1933. చార్లీకి పని లేదు, నిరుద్యోగ భృతి కోసం తిరుగుతున్నాడు. జర్మనీలో హిట్లర్ చాన్సలర్ అయ్యాడు. మిల్స్ అక్కడ ఆపేశాడు. తరువాత వేరే రచయిత రెండో యుద్ధంతో కొనసాగించాడు, నేను చదవలేదు.

ఆ సంచిక ముఖచిత్రం మీద గుండ్రటి మరక ఉంది. టీ కప్పు అడుగు. అచ్చు మీద ఇంకిపోయిన గోధుమరంగు వలయం, ఒక పక్క కాస్త తెగి ఉంది.

మా ఇంట్లో పుస్తకం మీద కప్పు పెట్టడమన్నది జరగదు. పొరపాటున కాలు తగిలితేనే కళ్ళకద్దుకోవాలి. పత్రికైనా సరస్వతే. ఈ వలయం మా వంటగదిలో పడినది కాదు.

గుర్తుంది. 31వ నంబరు ఇంటి స్నేహితుడు ఆ భాగం మా ఇంట్లో చదివి, ఒక్క రాత్రికి ఇంటికి తీసుకెళతానన్నాడు. “మా నాన్నకు చూపించాలి,” అన్నాడు. సమ్మె అప్పటికి పది నెలలు దాటింది. మరునాడు ఉదయం వాళ్ళ నాన్నే వచ్చి తలుపు తట్టాడు. చేతిలో పత్రిక గొట్టంలా చుట్టి ఉంది. నాన్నగారు లోపలికి రమ్మన్నారు. ఆయన రాలేదు. గుమ్మంలోనే పత్రిక విప్పి, అరచేతితో రెండుసార్లు చదును చేసి, నా చేతిలో పెట్టి, నాన్నగారికి తల ఊపి వెళ్ళిపోయాడు. మార్చి మొదటి వారంలో గనికి తిరిగి వెళ్ళారు. కొన్నేళ్ళకు ఆ గనీ మూతపడింది. వాళ్ళు ఇంగ్లండు దక్షిణ భాగానికి వెళ్ళిపోయారు. చిరునామా నా దగ్గర లేదు.

ఈ మరకకు అద్దుడు కాగితం, నీళ్ళు, ఏదీ వాడలేదు. పిన్నులు తీసి, మడతకు రెండు చోట్ల జపాన్ కాగితం వేసి ఆపాను.

ఫిబ్రవరి 16

భద్రపరచడం. ఒక్కో సంచికకూ పాలియెస్టర్ కవరు, లోపల ఆమ్లం లేని అట్ట. పీవీసీ కవర్లు కొనకూడదు, వాటి నుంచి వచ్చే ఆవిరి కాగితాన్ని చెడగొడుతుంది. కవరు ఒక పక్క తెరిచి ఉండాలి. పెట్టెలు నిలువుగా కాకుండా పడుకోబెట్టి, ఇంటి లోపలి గోడకు ఆనుకున్న బీరువాలో, తేమ యాభై శాతం దగ్గర. అటక మీద ఇక ఎప్పుడూ కాదు.

‘బంటీ’కి ఒక పెట్టె, అక్క తీసుకెళుతుంది. కిటికీలున్న పేజీలు కదిలి చిరగకుండా వెనక పలుచని పాలియెస్టర్ ఆసరా పెట్టాను, పూడ్చలేదు. ‘బ్యాటిల్’కు ఏడు పెట్టెలు. ఇంకా 112 సంచికల పిన్నులు తీయాలి, స్కానింగ్ 1981 దాకా వచ్చింది. ‘2000 ఏడీ’లకు వేరే పెట్టె కట్టాను. పెట్టెల మీద పేర్లు పెన్సిలుతోనే రాస్తున్నాను, సిరా కారుతుంది. దీని మీద పత్రిక పేరు రాయలేదు. 31 అని రాశాను.

టీ వలయం ఉన్న ‘బ్యాటిల్’ సంచిక మూలలో పెన్సిలు స్పష్టంగా ఉంది. నేను తుడవనివాటిలో అదొకటి. 27. దాన్ని 31 పెట్టెలో, అన్నిటికంటే పైన పెట్టాను.